లైను: ఒక అన్యదేశ్యపదముయొక్క అర్థవిచారము

ఒక శబ్దమునకుఁ బెక్కర్థము లుండుట దోషము కాదు. సైంధవశబ్దము లవణమునకును అశ్వమునకును వాచకమైనను, భోజనసమయమున "సైంధవము తెమ్ము" అనినచో గుఱ్ఱమును దెచ్చువాఁ డుండఁడు. ప్రకరణము, సాహచర్యము, శబ్దాంతరసన్నిధి మొదలగునవి యర్థమును నిర్ణయించునని భర్తృహరి వాక్యపదీయమున నిరూపించెను. ప్రకరణము తొలఁగినపుడు మాత్రమే యనేకార్థత్వము దోషమగును. ఆంగ్లమునుండి తెలుఁగునఁ బ్రవేశించిన "లైను" అను చిన్నపద మిందుల కుదాహరణము.

ఈ పదమునకు మూలము లాటినుభాషలోని "లీనియా". అవిసెనారతోఁ బేనిన దారమని దాని యర్థము. నారవస్త్రమునకు ఆంగ్లమునఁ గల "లినెన్" అను పేరును ఆ మొక్కపేరునుండియే వచ్చినది. బిగించిన దారమువంటి గీఁత, గీఁతవలె నిలిచిన వరుస, వరుసగా సాగిన మార్గము, ఇట్లు లక్షణచే నర్థములు విస్తరిల్లినవి. సంస్కృతమున నీ గతి క్రొత్తది కాదు. కుట్టుటయను నర్థముగల ధాతువునుండి పుట్టిన "సూత్రము" మొదట దారమే. పిదప శాస్త్రమునందలి సంక్షిప్తవాక్యమునకు రూఢమైనది.

తెలుఁగున నీ పద ముకారాంతమై, "లైనులు", "లైనులో" అని దేశ్యపదమువలెనే విభక్తులను గ్రహించినది. గుంటూరు బ్రాడీపేటలో లైనన వీథి. చౌకధరల దుకాణమునొద్ద లైనన నిలిచిన జనుల వరుస. దూరవాణిలో "లైనులో నుండుఁడు" అనఁగా సంభాషణను విడువవలదని యర్థము. పడుచువాఁడు లైను వేయుచున్నాఁడనినచో వలపుయత్నము. ఈ కడపటి ప్రయోగము గ్రామ్యమైనను, పదము జనుల నాలుకపై నెంత లోఁతుగా నాటుకొన్నదో తెలుపుచున్నది.

వృత్తులనుబట్టి యీ పదము పొందిన భేదములను జూడఁదలఁచువారికి అనకాపల్లి జిల్లాలోని అచ్యుతాపురము తగినచోటు. అచ్చటి ప్రత్యేక ఆర్థికమండలిలో వస్త్రనిర్మాణశాలలును ఔషధకర్మాగారములును గలవు. వస్త్రశాలలో లైనన కుట్టుయంత్రముల వరుస. దారమునఁ బుట్టిన పదము మరల దారమును జేరినది. ఔషధశాలలో ద్రవము ప్రవహించు గొట్టము లైను. మాత్రలను పొట్లములు గట్టు యంత్రశ్రేణియు లైనే. వెలుపల స్తంభములపైని విద్యుత్తు తీఁగ లైను. సమీపమున యలమంచిలి మీఁదుగా సాగు నినుపదారియు లైనే.

దీనిని దెనిఁగించుటలో రెండు పక్షములు గలవు. ఒక పక్షమువా రెల్లెడల "రేఖ" యను పర్యాయమునే నియమింతురు. రేఖ గీఁతకుఁ జెల్లును గాని కుట్టుయంత్రముల వరుసకుఁ జెల్లదు, గొట్టమునకు అసలే చెల్లదు. రెండవ పక్షమువారు పదము వ్యవహారసిద్ధము గావున నెల్లెడల "లైను" అనియే యుంచవలె నందురు. ఈ పక్షము మొదటిదానికంటె మేలైనది. కాని "లైను క్లియరు" అను మాటయొద్ద నిదియు నిలువదు.

రైలువారి పరిభాషలో లైను క్లియరనఁగా, ముందఱి స్టేషను బండిని స్వీకరించుటకు సిద్ధమై యొసఁగు ననుమతి. అనఁగా బండి రావచ్చును. విద్యుచ్ఛాఖలో "ఎల్.సి." యని వ్యవహరింపఁబడు నదే మాటకు, తీఁగలో విద్యుత్తును నిలిపి పనివాఁడు స్తంభ మెక్కుటకు ననుమతించుట యని యర్థము, అనఁగా విద్యుత్తు రాఁగూడదు. ఔషధశాలలో "లైను క్లియరెన్సు" అనఁగా, క్రొత్త సరకును గట్టుటకు ముందు మునుపటి సరకుయొక్క మాత్రలు గాని చీటీలు గాని యంత్రముపై మిగులలేదని పరీక్షించి ధ్రువపఱచుట. ఒకచోట రాకకు ననుమతి, ఒకచోట రాకకు నిషేధము, ఒకచోట శుద్ధి. వీనిలో రెండవది తప్పినచో మనుష్యుని ప్రాణము పోవును. మూడవది తప్పినచో నొక మందు వేఱొక మందు పేరఁ బోయి రోగికిఁ గీడు చేయును.

సంభాషణలోను కథలోను లైను ఉండవచ్చును. అచ్చటఁ బ్రకరణము మాటవెంట నడచును. గోడపై వ్రాసిన హెచ్చరికకు అట్టి తోడు లేదు. దానిని గుట్టుపనివారును, గొట్టములు బిగించువారును, తీఁగలు లాగువారును జదువుదురు. అచ్చట వస్తువును దాని పేరుతోనే చెప్పవలెను: తీఁగలో విద్యుత్తు నిలుపఁబడినది, గొట్టము ఖాళీచేయఁబడినది, మునుపటి సరకు తొలఁగింపఁబడినది. ఇందు రెండుమూఁడు మాటలు పెరిగిన మాట నిజమే. కాని సూత్రమునకు అల్పాక్షరత్వ మొక్కటియే లక్షణము కాదు, అసందిగ్ధత్వమును గావలయును. "లైను క్లియరు"నకు మొదటిది కలదు, రెండవది లేదు.