ఉత్తరాల పొత్తు

అమెరికాలో ఉత్తరాలను ముందే వేరుచేసి తపాలాశాఖకు అప్పగించే ప్రిసార్ట్ సంస్థలది సెంట్ల మీద బతికే నేర్పు. ఒకే అయిదంకెల జిప్ కోడ్‌కు కనీసం 150 ఉత్తరాలుంటే రుసుములో అన్నిటికన్నా ఎక్కువ తగ్గింపు దొరుకుతుంది. చిన్న ఆసుపత్రికో, ఊరి బ్యాంకుకో అన్ని ఎక్కడివి? అందుకే సాయంత్రమయ్యేసరికి నలుగురు ఖాతాదారుల బిల్లులూ తెచ్చి కలిపేస్తారు. యంత్రం చిరునామా చదివి, 65 గీతల బార్‌కోడ్ అచ్చువేసి, ఒక్కోదాన్ని దాని గడిలో పడేస్తుంది. కిటికీ కవరులో కాగితం జారి చిరునామా కనబడకపోతే ఆ ఉత్తరం పక్కకు పోతుంది. అలాంటివాటిని తగ్గించడంలోనే అసలు పనితనమంతా. తగ్గింపువల్ల మిగిలిన రుసుములో కొంత ఖాతాదారుకు, కొంత సంస్థకు. పోటీదారు అర సెంటు తగ్గించినా ఖాతా చేజారవచ్చు. అయినా బిల్లులు పంపేవారికి చవకతనం ఒక్కటే చాలదు. ఆ రాత్రి గడువులోపు ట్రేలు తపాలా కేంద్రానికి చేర్చే సంస్థే నిలుస్తుంది.