పసినాటి జ్ఞానస్నానం... పెద్దయ్యాక పరిపూర్ణం

కతోలిక కుటుంబాల్లో పసిబిడ్డకే గుడిలో జ్ఞానస్నానం ఇప్పిస్తారు. ఆ తర్వాత అందరి దారీ ఒకేలా సాగదు. తండ్రి బదిలీలు, హాస్టల్ చదువులు, నెలకోసారి మాత్రమే ఫాదర్‌గారు వచ్చే ఊళ్లు, ఇంట్లోనే సన్నగిల్లిన భక్తి... కారణం ఏదైనా, మొదటి దివ్యసత్ప్రసాదం, భద్రమైన అభ్యంగనం అందుకోకుండానే కొందరు పెద్దవాళ్లవుతారు. పెళ్లి కుదిరి విచారణ గురువులు కాగితాలు అడిగినప్పుడు గానీ ఆ లోటు గుర్తుకు రాదు. అప్పుడు బిడియం మొదలవుతుంది. ఈ వయసులో పిల్లల బెంచీ మీద కూర్చోవాలా? మళ్లీ మొదటి నుంచి రావాలా?

రెండూ అక్కర్లేదు. జ్ఞానస్నానం జీవితంలో ఒక్కసారే. అది ఆత్మ మీద చెరగని ముద్ర వేస్తుందని, దాన్ని మళ్లీ ఇవ్వకూడదని 1983 నాటి శ్రీసభ చట్టం 845వ సూత్రం స్పష్టంగా చెబుతోంది. అంటే మీరు బయటి నుంచి వస్తున్నవారు కారు. ఇంటి బిడ్డలు, మీ వంతు అందుకోవడానికి వస్తున్నారు. రెండో వాటికన్ మహాసభ పిలుపు మేరకు 1972లో వెలువడిన పెద్దల ప్రవేశ క్రమం ఇలాంటివారి కోసం ఒక అధ్యాయమే కేటాయించింది. వీరిని జ్ఞానస్నానార్థులతో కలిపి చూడవద్దన్నది అందులోని ముఖ్య సూచన.

మొదటి పని జ్ఞానస్నాన పత్రం. పుట్టిన ఊరి విచారణలో రిజిస్టరు ఉంటుంది. అది దొరకకపోతే కంగారు పడనవసరం లేదు. ఎవరికీ నష్టం లేనప్పుడు, నమ్మదగిన ఒక్క సాక్షి మాట చాలని 876వ సూత్రం అంటోంది. తల్లో, జ్ఞానతల్లో ఆ మాట చెప్పవచ్చు.

తర్వాత సత్యోపదేశం. 1992లో వచ్చిన శ్రీసభ సత్యోపదేశ గ్రంథంలో నాలుగు భాగాలున్నాయి: విశ్వాసం, దేవద్రవ్యానుమానాలు, క్రీస్తులో జీవితం, ప్రార్థన. పిల్లలకు కంఠస్థం చేయించినట్టు పెద్దలకు చెబితే కుదరదు. సంసారం, ఉద్యోగం, పోగొట్టుకున్న ఆప్తులు, తీరని సందేహాలు అన్నీ వాళ్ల వెంట వస్తాయి. మంచి ఉపదేశి వాటిని పక్కకు నెట్టడు, వాటితోనే పాఠం మొదలుపెడతాడు.

ఎక్కువమంది వెనుకాడేది పాపసంకీర్తనం దగ్గర. కొత్తగా జ్ఞానస్నానం పొందే పెద్దలకు ఆ స్నానంతోనే జన్మపాపమూ, చేసిన పాపాలూ తొలగిపోతాయి. పసితనంలోనే జ్ఞానస్నానం పొందినవారు మాత్రం ఆ తర్వాతి ఘోరపాపాలను గురువు ముందు ఒప్పుకోవాలి. మనస్సాక్షిని శ్రద్ధగా పరిశీలించుకొని గుర్తున్నంత మేరకు చెబితే చాలు. విన్న గురువు ఆ రహస్యాన్ని ఏ కారణం చేతనూ బయట పెట్టకూడదు.

భద్రమైన అభ్యంగనం సాధారణంగా పీఠాధిపతుల చేతుల మీదుగా జరుగుతుంది. ఆలివ్ నూనెలో సుగంధ ద్రవ్యం కలిపిన పరిమళ తైలాన్ని వారు పవిత్ర వారంలోనో, దానికి దగ్గరలోనో ఆశీర్వదిస్తారు. ఆ తైలంతో నుదుట సిలువ గుర్తు వేస్తారు. సమరియాలో ఫిలిప్పు జ్ఞానస్నానం ఇచ్చినవారి మీద పేతురు, యోహానులు వచ్చి చేతులుంచారని అపోస్తలుల కార్యములు చెబుతున్నాయి. ముందు పొందినదాన్ని తర్వాత నింపడం శ్రీసభలో అంత పాతది. మీ జ్ఞానతండ్రి గానీ, జ్ఞానతల్లి గానీ ఉంటే వారినే పక్కన నిలబెట్టుకోవడం ఉత్తమం. విచారణ గురువులే ఈ అభ్యంగనం ఇవ్వాలంటే పీఠాధిపతుల అనుమతి కావాలి.

వీటన్నిటికీ శిఖరం దివ్యసత్ప్రసాదం. దానికి ముందు గంటసేపు ఉపవాసం. జ్ఞానస్నానం, అభ్యంగనం, సత్ప్రసాదం అన్నది ప్రాచీన వరుస. 1910లో పదవ పయస్ పోపు వివేకం తెలిసే ఏడేళ్ల ప్రాయం నుంచే పిల్లలకు సత్ప్రసాదం ఇవ్వమన్నాక, చాలాచోట్ల అభ్యంగనం వెనక్కి జరిగింది. పెద్దల విషయంలో పాత వరుసనే పాటించే వీలుంది. అందుకు తగిన రాత్రి పాస్కా జాగరణ. అభ్యంగనం పొందిన సంగతి జ్ఞానస్నానం జరిగిన విచారణకు తెలియజేస్తారు. అక్కడి రిజిస్టరులో మీ పేరు దగ్గరే అది నమోదవుతుంది.

ఈ ఆలస్యానికీ ఒక విలువ ఉంది. ఆనాడు మీ తరఫున తల్లిదండ్రులు, జ్ఞానతల్లిదండ్రులు మాట ఇచ్చారు. ఈనాడు ఆ ప్రమాణాలను మీ నోటితో, తెలిసి, ఇష్టపడి చెబుతారు. అడిగి తెచ్చుకున్న విశ్వాసం కష్టకాలంలో మనిషిని నిలబెడుతుంది.

విచారణ పెద్దలకు ఒక విన్నపం. ఇలా వచ్చినవారిని ‘ఇన్నాళ్లూ ఏం చేశారు’ అని అడగకండి. సాయంత్రం వేళో ఆదివారమో వారికి వీలైన పాఠం ఏర్పాటు చేయండి. ఇక వెనుకాడుతున్న మీకు ఒక మాట: వచ్చే ఆదివారం పూజ అయ్యాక గురువులను కలిసి విషయం చెప్పండి. మీ వాటా మీ కోసమే ఉంది. అడగడమే ఆలస్యం.