తల్లిదుంపను ముట్టని తవ్వకం

కలహారి ఎడారిలో మేసే పశువుల గిట్టలకు ఒక ఎండుకాయ తగులుకుంటుంది. చెక్కలా గట్టిపడిన దాని చేతుల నిండా వెనక్కి వంగిన కొక్కేలు. విదిలించినా ఊడదు. కాలి కింద నలిగి పగిలేకొద్దీ గింజలు దారి పొడుగునా రాలుతాయి. ఈ కొక్కేలను చూసే దీనికి డెవిల్స్ క్లా అని పేరు పెట్టారు. శాస్త్రీయ నామం హార్పగోఫైటమ్ ప్రొకుంబెన్స్. ఇది నువ్వుల కుటుంబపు మొక్క. మన ఇసుక నేలల్లో పెరిగే ఏనుగుపల్లేరుకూ దగ్గరి చుట్టమే.

కాయ ఎంత భయపెట్టినా మందు ఉన్నది నేల లోపల. వానలకు తీగలు పాకి ఊదారంగు పూలు పూస్తాయి, వానలు వెళ్ళాక ఎండిపోతాయి. అప్పుడు ప్రాణమంతా తల్లిదుంపలోనే. దాని నుంచి పక్కలకు పారిన వేళ్ళకు పిల్లదుంపలు ఊరతాయి. జ్వరానికి, అజీర్ణానికి, ఒళ్ళు నొప్పులకు అక్కడి శాన్ ప్రజలు వాడుతూ వచ్చినవి ఇవే.

తెలిసినవాళ్ళు తవ్వే తీరు చూడాలి. తీగ మొదట్లో గునపం దింపరు. కాస్త ఎడంగా గుంత తీసి, పక్కవేరు దొరకగానే దాని వెంటే పోతారు. ఎదిగిన పిల్లదుంపలను కోసుకుని, తల్లిదుంపను కదిలించకుండా గుంత పూడ్చేస్తారు. మళ్ళీ వానలు పడితే అదే మొదలు చిగురిస్తుంది. తెచ్చిన దుంపలను ఇసుక పోయేలా శుభ్రం చేసి, పలచని బిళ్ళలుగా తరిగి, నేలకు ఎత్తుగా కట్టిన వలల మీద ఆరబెడతారు. తడి మిగిలితే బూజు పడుతుంది, సరుకంతా దండగ.

ఈ ఓపిక వ్యాపారానికి ఉండదు. స్థానిక వైద్యులు వాడే ఈ దుంప గురించి గత శతాబ్దం తొలినాళ్ళలో మెనెర్ట్ అనే జర్మన్ తెలుసుకున్నాడు. 1962 నుంచి జర్మనీకి ఎగుమతులు మొదలయ్యాయి. గిరాకీ పెరిగాక తల్లిదుంపలనూ పెకలించారు. 1977లో నమీబియాలో దీన్ని రక్షిత మొక్కగా ప్రకటించారు. నా దృష్టిలో అంతకంటే పెద్ద అడుగు 1997లో పడింది. అక్కడి ఒమాహెకే ప్రాంతంలోని వెర్గెనోగ్‌లో, తల్లిదుంపను వదిలి తవ్వేవాళ్ళకు మెరుగైన ధర ఇప్పించే పథకం మొదలైంది. మొక్క బతకాలంటే తవ్వేవాళ్ళ ఇంట పొయ్యి వెలగాలి. ఈ రెంటినీ విడదీసి చూసిన ఏ చట్టమూ నిలవదు.

ఇందులోని హార్పగోసైడ్ అనే చేదు పదార్థం మీద పరిశోధనలు జరిగాయి. నడుంనొప్పికి కొంత ఉపశమనం ఉందని కొన్ని చెప్పాయి, ఆధారాలు ఇంకా బలపడాలి. కడుపులో పుండ్లు, పిత్తాశయంలో రాళ్ళు ఉన్నవాళ్ళు, గర్భిణులు డాక్టర్‌ను అడగకుండా వాడకూడదు.

జర్మనీలోని మనవాళ్ళకు ఈ దుంపతో చేసిన మాత్రలు మందుల షాపుల్లో దొరుకుతాయి. కొనేముందు దుంప ఎక్కడిదో, ఎలా తవ్వారో చెప్పే కంపెనీదేనా అని చూడండి. చెప్పని సీసాను అక్కడే వదిలేయండి.