కాలు ఇటియ్యి పెద్దయ్యా

డిచ్‌పల్లి అంటే కొందరికి గుట్ట మీది ఖిల్లా రామాలయం. చదువుకునే పిల్లలకు తెలంగాణ విశ్వవిద్యాలయం. నాకు మాత్రం ఒక మోచేయి.

ఏళ్ల కిందట ఇందూరు (నిజామాబాద్) వైపు ఒక ఊళ్లో కట్లు కట్టే గదిలో కూర్చుని చూశాను. కట్లు కట్టే ముసలాయన బేసిన్‌లో నీళ్లు పోసి, ముందు తన మోచేయి ముంచాడు. ఎదురుగా ఉన్నాయన పాదానికి వేడి తెలీదు, ఉడుకునీళ్లలో పెట్టినా తీయడు. కుష్ఠు చేసే అసలు అన్యాయం అదే, నొప్పిని దొంగిలిస్తుంది. "కాలు ఇటియ్యి పెద్దయ్యా" అని ఆ పాదాన్ని నీళ్లలో పెట్టి, ఇరవై నిమిషాలు ఊరి ముచ్చట్లు మాట్లాడాడు. తర్వాత గరుకు రాయితో కాయ కట్టిన తోలును పుండు అంచు తెగకుండా అరగదీశాడు. తడి ఆరకముందే నూనె రాశాడు. వేళ్ల సందులు ఒక్కొక్కటీ విప్పి చూశాడు. ఒక సందులో చిన్న ముల్లు. తీసి వెలుతురుకు పెట్టి చూపించి నవ్వాడు. ఈ పని ఎక్కడ నేర్చారని అడిగితే "డిచ్‌పల్లిల" అన్నాడు, డాక్టరు పట్టా చూపించినంత గర్వంగా.

భక్తిలో ఎదగడం, ప్రేమలో ఎదగడం అని ప్రతి ఆదివారం వింటాం. ఎదిగిన చేతులు ఎలా ఉంటాయో నేను చూసింది ఆ రోజే.

ఆ చేతులకు పెద్ద వంశమే ఉంది. స్కాట్లండ్ రైతుబిడ్డ ఇసబెల్ కెర్, అబెర్డీన్‌లో వైద్యం చదివి, 1907లో భర్త జార్జ్ కెర్‌తో నిజాం రాజ్యానికి వచ్చింది. ఇద్దరూ వెస్లియన్ మెథడిస్టులు. "పెద్దరోగం" అని ఊరవతలికి గెంటేసిన వాళ్లను చూసి ఊరుకోలేక 1911లో నిజామాబాద్‌లో చిన్న ఆశ్రయం తెరిచింది. అది చాల్లేదు. 1913లో నర్సాగౌడ్ అనే హిందూ దాత పెద్ద మొత్తం ఇచ్చాడు. 1915లో డిచ్‌పల్లిలో విక్టోరియా ఆసుపత్రి లేచింది. క్రైస్తవ ప్రేమకు ఇటుకలు కొన్నది హిందువు డబ్బు అని మన సంఘాల్లో ఎంతమంది చెప్పుకుంటారు?

అప్పట్లో మందంటే చాల్‌మోగ్రా జాతి గింజల నూనె. ఎప్పటినుంచో మన వైద్యులు వాడేదేనంటారు. 1920ల్లో కలకత్తా డాక్టరు ఎర్నెస్ట్ మ్యూర్ పద్ధతి పట్టుకుని ఇసబెల్ ఆ నూనెను సూదితో ఎక్కించింది. చిక్కటి నూనె, మచ్చ మీద చోటుచోటునా గుచ్చాలి, నొప్పి భరించలేనిది. అంత నొప్పి పెట్టే డాక్టరమ్మ దగ్గరికే రోగులు వారం వారం తిరిగొచ్చారంటే ఆ చేయి ఎంత మెత్తనిదో! 1923లో కైసర్-ఇ-హింద్ పతకం వచ్చింది. 1932లో ఆమె ఈ దేశంలోనే కన్నుమూసింది. జార్జ్ దొర 1938 దాకా పని వదల్లేదు. డిచ్‌పల్లిలో పనిచేసిన జాన్ లో తర్వాత నైజీరియాలో డాప్సోన్ అనే కుష్ఠు మందును నోటి మాత్రగా ఇచ్చి పని చేస్తుందని చూపించాడు.

మెదక్ పెద్ద చర్చి కూడా గొప్పదే. 1924 క్రిస్మస్ రోజున ప్రతిష్ఠ చేశారు, కరువులో కూలి పెట్టిన గుడి. అయినా నన్నడిగితే ఆ స్తంభాలకన్నా డిచ్‌పల్లి కట్ల బల్లే ఎత్తు. మెథడిస్టు ఇంట్లో పుట్టినవాణ్ని, పక్షపాతం అంటే అననీ.

చేతులతో చేసే ఈ సాధనకు మెథడిస్టుల మూలపురుషుడు వెస్లీ వేసిన దారి ఉంది. 1742లో బ్రిస్టల్‌లో అప్పు తీర్చడానికి పన్నెండేసి మందిని ఒక జట్టు చేసి వారానికో పెన్నీ వసూలు చేశారు. వసూలుకు వెళ్లినవాడు మనిషి మంచిచెడ్డలు కూడా అడగసాగాడు. అదే ప్రార్థన జట్టయింది. ఆయనే 81 ఏళ్ల వయసులో, 1785 జనవరిలో, చీలమండలు మంచునీళ్లలో నానుతుండగా లండన్ వీధులు తిరిగి పేదల బట్టల కోసం 200 పౌండ్లు అడుక్కొచ్చాడు. మన ఊళ్లలో ఆ పెన్నీ పిడికెడు బియ్యం అయింది. ఎసట్లో పోసేముందు ఒక పిడికెడు పక్కకు తీసే అమ్మలు ఏ ప్రసంగం వినకుండానే ఇవ్వడం నేర్చారు. ఆకలిగా ఉన్న పూట కూడా తీయడమే అందులోని పనితనం.

ఇప్పుడు? మైదానం నిండా ఫ్లెక్సీలు, చెవులు పగిలే స్పీకర్లు. ఒక స్వస్థత కూటంలో నా కళ్లెదుటే ఒక బోధకుడు మచ్చలున్న ముసలమ్మను వేదిక ఎక్కించి, మాత్రలు అవిశ్వాసం అన్నాడు. ఆరు నెలలో, ఏడాదో మింగితే పోయే రోగం! 1982 నుంచి కుష్ఠును నయం చేసే మందుల జోడింపు ఉంది, సర్కారు దవాఖానాలో ఉచితం. ఆమె మానేసింది. మళ్లీ కనబడేసరికి వేళ్లు వంకర తిరిగాయి. ఆ బోధకుడికి అప్పటికే కొత్త కారు వచ్చింది. దీన్ని భక్తి అనడానికి నా నోరు రాదు.

పవిత్ర గురువారం పాదాలు కడిగే ఆరాధనలోనూ అంతే. ఇంట్లో సబ్బుతో రుద్దుకుని, క్రీము రాసుకుని వచ్చిన పాదాలు, పక్కన ఫోటోగ్రాఫరు. పాస్టరుగారూ, ఈ ఏడు ఒక్కసారి ఆ బేసిన్ తీసుకుని ఊరి చివరికి రండి. నేను రాయీ నూనే తెస్తాను. నీళ్లు మాత్రం ముందు మీ మోచేత్తో చూడండి.