సెప్టెంబరు 17 దగ్గర ఆగిన రీలు

నాగోల్ చౌరస్తా నుంచి ఎల్బీనగర్ పోతే బెజవాడ రోడ్డు తగులుతుంది. 1948 సెప్టెంబరు 13న భారత సైన్యం నిజాం రాజ్యంలోకి దిగింది. పెద్ద బలగం షోలాపూర్ దిక్కు నుంచి, మరొకటి ఈ బెజవాడ దిక్కు నుంచి సూర్యాపేట మీదుగా. ఐదు రోజుల్లో పని ముగిసింది. దీనికి పెట్టిన పేరు పోలీస్ చర్య. ట్యాంకులెక్కి వచ్చే పోలీసులు ఇంకెక్కడైనా ఉన్నారా?

సెప్టెంబరు 17కి పేర్ల కొట్లాట ఇంకా తెగలేదు. 2022లో కేంద్రం విమోచన అంది, రాష్ట్రం సమైక్యత అంది. 2024లో కొత్త ప్రభుత్వం ప్రజాపాలన దినోత్సవం అంది. ఎవరి జెండా వాళ్లది. ఏ జెండా కిందా 18వ తేదీ లేదు.

2024 మార్చిలో యాట సత్యనారాయణ తీసిన 'రజాకార్' సినిమా వచ్చింది. బైరాన్‌పల్లి ఘోరం అబద్ధం కాదు. ఖాసిం రజ్వీ మూకల్ని మేమెందుకు వెనకేసుకొస్తాం? వాళ్లని ఎదిరించి రాసిన 'ఇమ్రోజ్' సంపాదకుడు షోయబుల్లాఖాన్‌ని 1948 ఆగస్టులో నడివీధిలో చంపారు. ఆయనా తురకోడే. మా తగాదా ఆ సినిమా ఇంగ్లీషు ఉపశీర్షికతో. దాని అర్థం 'హైదరాబాద్‌లో మౌనంగా జరిగిన జాతిహత్య'. రజాకార్ల మీద మౌనమా? తెలంగాణలో వాళ్లమీద పాట కట్టని పల్లె ఉందా? నవలలు, బుర్రకథలు, పార్టీల చరిత్రలు ఎన్ని లేవు! మౌనం ఉన్నది ఆ తర్వాతి వారాల మీద. సరిగ్గా అక్కడికొచ్చేసరికి రీలు అయిపోయింది.

నెహ్రూ పంపిన పండిత్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్ల బృందం 1948 చివర్లో జిల్లాలు తిరిగింది. చనిపోయిన వాళ్లు తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది అని రాసింది. కొన్నిచోట్ల సైనికులు, పోలీసులు కూడా చేతులు కలిపారని రాసింది. ఆ కాగితాలు దశాబ్దాల పాటు బీరువాలోనే ఉన్నాయి. 2013 నాటికి గానీ ఢిల్లీలో చదువుకునేవాళ్ల చేతికి రాలేదు. అమెరికాలో 1921లో టల్సా పట్నంలో తెల్లమూకలు నల్లవాళ్ల గ్రీన్‌వుడ్ పేటను తగలబెడితే దాన్నీ 'అల్లర్లు' అనే చెప్పుకున్నారు. ప్రభుత్వ కమిషన్ నివేదిక రావడానికి 2001 దాకా పట్టింది. అక్కడ నివేదిక ఆలస్యంగా రాశారు, ఇక్కడ వెంటనే రాసి దాచారు.

మరుపుకు ఇంకో కారణం కూడా ఉంది. ఎక్కువ నెత్తురు పారింది ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్‌లలో. 1956లో రాష్ట్రాలు విడగొట్టినప్పుడు ఆ జిల్లాలు అటుపోయాయి, వాటితో పాటు ఆ చావులూ పొరుగువాళ్లవైపోయాయి. కానీ వాటి తర్వాతి వరసలో నల్గొండ, మెదక్ కూడా ఉన్నాయి. అవి ఎటూ పోలేదు కదా! మన కథకులు ఆ వరసను ఎందుకు దాటేశారు?

హిందువుల్ని రాక్షసులుగా చూపమని మేం అడగడం లేదు. ఆ నివేదికలోనే ఇంకో సంగతి ఉంది. కొన్ని ఊళ్లలో హిందూ నేతగాళ్లు తమతో పాటు మగ్గం నేసే ముస్లింలకు అడ్డం నిలబడ్డారు. కొందరు ప్రాణాలు కూడా ఇచ్చారు. సినిమా తీసేవాడికి ఇంతకన్నా ఏం కావాలి? మన సాళెవాళ్ల మగ్గం గుంత, దాంట్లో దాక్కున్న దూదేకులాయన, గడప దగ్గర మూక. ఎవరూ తీయలేదు.