చాసర్ జీవితపత్రాలు – కావ్యపఠనం: ఒక పరిశీలన

1. ఉపోద్ఘాతం:
ఆంగ్లకవితకు పితామహుడుగా ప్రసిద్ధుడైన జెఫ్రీ చాసర్ (సుమారు 1343–1400) లండన్‌లో ఒక ద్రాక్షసారా వర్తకుని కుమారుడు. రాజసేవకుడిగా, సైనికుడిగా, రాయబారిగా పనిచేశాడు. 1374లో లండన్ రేవులో ఉన్ని సుంకాల పర్యవేక్షకుడయ్యాడు. 1966లో క్రో, ఓల్సన్‌ల సంపాదకత్వంలో వెలువడిన ఆయన జీవితపత్రాల సంపుటిలో 493 ఆధారాలున్నాయి. వాటిలో ఏ ఒక్కటీ ఆయనను కవిగా పేర్కొనదు. అందువల్ల జీవితానికీ కావ్యానికీ సంబంధాన్ని విమర్శకులే ఊహించవలసి వచ్చింది. ఆ ఊహ ఎంత అస్థిరమో ఒక పత్రం చరిత్ర నిరూపిస్తుంది.

2. 1380 నాటి పత్రం:
సెసిలీ షాంపేన్ అనే స్త్రీ, 'రాప్టస్' విషయంలో చాసర్‌పై తనకు గల వ్యాజ్యహక్కులను వదులుకొన్నట్లు 1380 మే నెలలో నమోదైంది. ఆ లాటిన్ పదానికి అపహరణ, అత్యాచారం అనే రెండర్థాలూ ఉన్నాయి. 19వ శతాబ్దంలో ఈ పత్రం వెలుగుచూసిన నాటి నుండి చాసర్‌ను నిందితునిగా చూసినవారూ, సమర్థించినవారూ ఉన్నారు. 2022లో యూవన్ రోజర్, సెబాస్టియన్ సోబెకీ కొత్త పత్రాలను ప్రకటించారు. షాంపేన్ గడువుకు ముందే తన కొలువు విడిచిందనీ, చాసర్ ఆమెను పనిలో పెట్టుకొన్నాడనీ థామస్ స్టాండన్ కార్మికచట్టం కింద వేసిన వ్యాజ్యానికి సంబంధించినవవి. అందులో ఆమె, చాసర్ ఇద్దరూ ప్రతివాదులే. దీనితో పాత పత్రాన్ని అత్యాచారారోపణగా చదవడానికి ఉన్న ఆధారం చాలా వరకు సడలింది.

3. కావ్యసాక్ష్యం:
అయితే 'కాంటర్బరీ కథలు'లో బాత్ నగరపు ఇల్లాలు చెప్పిన కథ అత్యాచారంతోనే మొదలవుతుంది. ఆర్థర్ రాజు కొలువులోని యోధుడొకడు ఒక కన్యను చెరుస్తాడు. అతనికి మరణశిక్ష పడుతుంది. రాణి జోక్యంతో అది ఒక ప్రశ్నగా మారుతుంది: స్త్రీలు అన్నిటికంటె మిన్నగా కోరేదేమిటి? జవాబు కోసం అతడు ఏడాదిపాటు ఎందరెందరినో అడుగుతాడు. ఎవరి ఇష్టాన్ని కాలరాచాడో ఆమెను మాత్రం అడగడు. ఆ కన్యకు పేరు లేదు, మాట లేదు. తొలి సంఘటన తరువాత ఆమె మళ్ళీ కనిపించదు. యోధునికి మాత్రం సుందరి, విధేయ అయిన భార్య లభిస్తుంది. స్త్రీ ఆధిపత్యాన్ని ప్రకటించే కథలోనే ఈ మౌనం ఉండటం గమనార్హం.

4. ముగింపు:
ఈ మౌనం కవి ఉదాసీనతా, రాజాస్థానపు న్యాయంపై వ్యంగ్యమా అనేది కథాగమనాన్ని బట్టి తేల్చవలసిన అంశం. పాత పత్రం ఆధారంగా కవిని దోషిగా భావించి ఈ కథను చదవడం ఎంత పొరపాటో, కొత్త పత్రాల ఆధారంగా కథలోని హింసను తేలికగా తీసుకోవడమూ అంతే పొరపాటు. 2022 నాటి పత్రాలు ఒక వ్యక్తిపై ఉన్న అనుమానానికి సమాధానమిస్తాయి. పేరులేని ఆ కన్య గురించి కావ్యం లేవనెత్తే ప్రశ్న అలాగే మిగిలి ఉంది.