కొనేవాడి కన్ను

అమ్మడానికి నేర్పు కావాలంటే అందరూ ఒప్పుకుంటారు. కొనడానికీ నేర్పు కావాలంటే మాత్రం, జేబులో డబ్బుంటే చాలదా అంటారు. చాలదు. అనకాపల్లి జిల్లా అచ్యుతాపురం జంక్షన్‌లో సాయంత్రంపూట కూరలకీ చేపలకీ తిరిగే అలవాటున్నవాడిగా ఈ మాట గట్టిగా చెప్పగలను. కొనేవాళ్లకి సరుకు తెలిసిన ఊరికి మంచి సరుకు వస్తుంది. తెలియని ఊరికి ఏది మిగిలితే అది వస్తుంది.

మా జంక్షన్ ఉన్న చోటే అలాంటిది. ఒక రోడ్డు అనకాపల్లికి, ఒకటి యలమంచిలికి, ఒకటి పరవాడ మీదుగా గాజువాకకి, ఇంకొకటి పూడిమడక సముద్రానికి. పూడిమడక నుంచి చేపల గంపలు ఆటోల్లో దిగుతాయి. చుట్టుపక్కల మడుల్లో కోసిన గోంగూర, తోటకూర కట్టలు గోనెపట్టాల మీద పరుచుకుంటాయి. చీకటి పడే వేళకి సెజ్ (ప్రత్యేక ఆర్థిక మండలి) నుంచి షిఫ్టు దిగిన బస్సులొచ్చి ఆగుతాయి. వెయ్యి ఎకరాల బ్రాండిక్స్ దుస్తుల పార్కులో పనిచేసేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే. మెడలో కంపెనీ కార్డు తియ్యకుండానే వచ్చి వంకాయల ముందు కూర్చుంటారు. ఒకప్పుడు ఈ నేల మీద కూరలు పండించి అమ్మిన ఇళ్లవాళ్లు కూడా వాళ్లలో ఉన్నారు. భూమి సెజ్‌కి పోయింది, ఉద్యోగం వచ్చింది, కూర కొనుక్కోవలసి వచ్చింది. పండించిన ఇంటివాళ్లు గనక కాయ ముట్టుకోగానే మంచిచెడ్డలు చెప్పేస్తారు. వాళ్ల పిల్లలకి ఆ సంగతి తెలుసా అన్నదే నా బెంగ.

చేపల దగ్గర కాసేపు ఆగుదాం. బేసిన్లలో కానాగంతలు వాటాలు వేసి ఉంటాయి. పక్కన ఓ వంజరం, నాలుగు చందువలు, గుప్పెళ్లకొద్దీ నెత్తళ్లు. "తాజావేనా పిన్నీ?" అని ఎవరో అడిగారు. అమ్మే ఆవిడ తలెత్తి చూసింది. "నన్నడుగుతావేటి బాబూ, సేపనడుగు" అంది. అని ఊరుకోలేదు. ఒక కానాగంతని చేతిలోకి తీసుకుని, బొటనవేలితో మొప్ప ఎత్తి చూపించింది. లోపల ఎర్రగా, తడిగా ఉంది. కన్ను పైకి ఉబ్బి నిగనిగలాడుతోంది. పొట్ట మీద వేలితో నొక్కి తీసింది, పడ్డ సొట్ట వెంటనే పూడిపోయింది. తర్వాత ఇంకో వాటాలోంచి మరో చేప తీసింది. దాని కన్ను కాస్త లోపలికి పోయి పాలరంగుకి తిరిగింది, మొప్ప గోధుమరంగులో ఉంది. "ఇది నిన్నటిది, ఐసులో ఎట్టినాం. దీనికి ఆ డబ్బులు ఇయ్యక్కర్లేదు" అంది. నూనె ఎక్కువున్న చేప తొందరగా చెడుతుందనీ, కానాగంతల్ని కొన్న పూటే వండుకోవాలనీ కూడా అక్కడే చెప్పింది. రెండు చేపల్ని పక్కపక్కన పెట్టి చూపిస్తే నిమిషంలో పట్టుబడే చదువిది. పుస్తకంలో ఎంత వివరంగా రాసినా ఇలా రాదు.

మన తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరబోట్ల వేట ఆపుతారు. చేప గుడ్లు పెట్టే కాలం అది. గంపల్లో పచ్చి చేప తగ్గి, ఎండుచేపకి గిరాకీ పెరుగుతుంది. ఎండు నెత్తళ్లు కొనడం ఇంకో విద్య. గుప్పిట్లోకి తీసుకుని గలగలలాడించాలి. మెత్తగా ముద్దవుతుంటే సరిగా ఎండలేదని అర్థం. అరచేతిలో ఇసుక మిగిలితే నేల మీద ఎండబెట్టారని అర్థం. రెండు నెత్తళ్లు విరిచి వాసన చూడాలి. ఇవన్నీ తెలిసినవాళ్లు నలుగురు నిలబడి ఏరుకుంటుంటే, మర్నాడు ఆ గంపలోకి ఇసుక సరుకు రాదు. అమ్మే ఆవిడ కూడా తీరంలో కొనేటప్పుడు వాళ్ల కళ్లతోనే చూసి కొంటుంది.

ఈ మాటకి పెద్ద రుజువు మా పక్కనే అనకాపల్లిలో ఉంది. దేశంలో పేరున్న పెద్ద బెల్లం మార్కెట్లలో అదొకటి. 1913 నుంచి చెరకు మీద పరిశోధన జరుగుతున్న ఊరది. చెరకురసం పెనంలో కాగేటప్పుడు పైకి తేలే మడ్డి తియ్యడానికి బెండ మొక్క జిగురు లాంటివి వాడటం పాత పద్ధతి. అలా వండిన బెల్లం ముదురు రంగులో ఉంటుంది. సోడియం హైడ్రోసల్ఫైట్ వేస్తే దిమ్మ బంగారు రంగులో మెరుస్తుంది. ఈ రసాయనాన్నే హైడ్రోస్ అంటారు. ఆ మెరుపు కూడా నిలవదు, నిలవ ఉంచితే బెల్లం మళ్లీ నల్లబడుతుంది. అయినా ఎందుకు వేస్తారు? వేలంలో రంగున్న దిమ్మకి ధర ఎక్కువ గనక. కిరాణాకొట్లో మనం "తెల్లబెల్లం ఇవ్వండి" అని అడుగుతాం గనక. రైతుని తప్పుపట్టే ముందు ఆ గొలుసు చివర ఎవరున్నారో చూడాలి. మనమే ఉన్నాం. కొనేవాడి కన్ను రంగు వెంట పడితే వండేవాడి చెయ్యి మందు డబ్బా మీదికి పోతుంది. చిన్న పలుకు నోట్లో వేసుకుని ఉప్పదనం ఉందేమో చూసి, ఇంకో పలుకు నీళ్లలో కరిగించి అడుగున మడ్డి ఎంత దిగిందో చూసి కొనేవాళ్లు పెరిగితే, వేలంలో నల్లబెల్లానికీ మర్యాద దొరుకుతుంది.

కొనేవాడి నేర్పుకి ఎంత గౌరవం ఉండొచ్చో తెలియాలంటే టోక్యో చూడాలి. అక్కడి త్సుకిజి చేపల హోల్‌సేల్ మార్కెట్ 2018 అక్టోబరులో టోయోసుకి తరలింది. ట్యూనా వేలానికి ముందు కొనేవాళ్లు టార్చిలైటు పట్టుకుని చేపచేపకీ తిరుగుతారు. తోక దగ్గర కోసిన చోట వెలుతురు వేసి రంగు చూస్తారు. కండలోంచి చిన్న పలుకు తీసి వేళ్ల మధ్య నలిపి కొవ్వు ఎంతుందో తెలుసుకుంటారు. ఏళ్ల తరబడి సీనియర్ల వెంట తిరిగితే గాని రాని పని అది. ఆ కళ్లకి ఆనాలని చేప పట్టేవాళ్లు నడిసముద్రంలోనే జాగ్రత్త పడతారు. ట్యూనాని మనం సూర అంటాం. పూడిమడక పడవలూ ఆ చేపని పడతాయి. మనవాళ్ల చేతికి ఆ నేర్పు తక్కువేమీ కాదు, మనం ఆ కంటితో చూసి ధర కట్టడం లేదు, అంతే.

ఇంకో మంచి ప్రయత్నం గురించి కూడా చెప్పాలి. 1999 జనవరి 26న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రైతుబజార్లు మొదలయ్యాయి. అదే ఏడాది నవంబరులో తమిళనాడు ప్రభుత్వం మదురైలో ఉళవర్ సందై అనే ఇలాంటి బజారే తెరిచింది. విశాఖలో ఎంవీపీ కాలనీ, సీతమ్మధార, గాజువాక రైతుబజార్లు లేని రోజుల్ని నగరం ఇప్పుడు ఊహించుకోలేదు. గుర్తింపు కార్డున్న రైతు నేరుగా అమ్ముకుంటాడు. టోకు ధర కన్నా అతనికి కాస్త ఎక్కువ, బయటి చిల్లర ధర కన్నా మనకి కాస్త తక్కువ వచ్చేలా లెక్కకట్టి బోర్డు మీద రాస్తారు. ధర విషయంలో మోసం పోయింది, అది గొప్ప మేలు. కానీ బోర్డు ధర వరకే చెబుతుంది. వంకాయ తొడిమ కింద పుచ్చుందో లేదో, బెండకాయ కొన పుటుక్కున విరుగుతుందో సాగుతుందో, ఆనపకాయ మీద గోరు దిగుతుందో లేదో మన చేతులే చూసుకోవాలి.

కొనే నేర్పంటే బేరమాడటం అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. తోటకూర కట్ట మీద రెండు రూపాయలు తగ్గించుకోవడంలో నాకు ఏ నేర్పూ కనిపించదు. సరుకు తెలిసినవాడు మంచి కట్టకి అడిగిన ధర ఇస్తాడు, వాడిన కట్టని ముట్టుకోడు. తెలియనివాడే అన్నిటికీ ఒకేలా బేరమాడతాడు. బోణీ వేళ గొడవ పడకుండా కొన్నవాణ్ణి ఆ గోనెపట్టా గుర్తుపెట్టుకుంటుంది. మర్నాడు వెళ్తే పైన పెట్టిన కట్ట కాకుండా కింద దాచిన లేత కట్ట చేతికిస్తుంది, గుప్పెడు కొత్తిమీర కొసరేస్తుంది. నెలాఖరులో కంపెనీ జీతం ఆలస్యమైన ఇంటికి ఆ బజారే అరువిస్తుంది. ఎక్కణ్ణుంచో పనికొచ్చి గదులద్దెకి తీసుకున్న కుర్రాళ్లకి ఈ ఊళ్లో పేరు పెట్టి పిలిచే మొదటి మనిషి చాలాసార్లు కూరలమ్మే ఆవిడే అవుతుంది.

అచ్యుతాపురం వేగంగా పెరుగుతోంది. 2022 ఏప్రిల్ 4న అనకాపల్లి జిల్లా ఏర్పడింది, ఫ్యాక్టరీలు వస్తున్నాయి, పూడిమడక దగ్గర గ్రీన్ హైడ్రోజన్ కేంద్రానికి 2025 జనవరిలో ప్రధాని శంకుస్థాపన చేశారు. పరిశ్రమలకి వేల ఎకరాలు కేటాయించిన చోట, ఆ పరిశ్రమల్లో పనిచేసేవాళ్లకి అన్నంలోకి కూర అందించేవాళ్లకి నీడపట్టున కూర్చునే జాగా ఉండాలి. నాలుగు పక్కలా గాలి వచ్చే షెడ్డు, చేపల నీళ్లు పోయే కాలువ, ఐసు పెట్టుకునే గది, దీపాలు, ఆడవాళ్లకి మరుగుదొడ్డి. లారీల పక్కన ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని అమ్మే పరిస్థితి పోవాలి. ఊరి పటం గీసేటప్పుడే గీతలు గియ్యాల్సిన చోటు ఇది.

అది ప్రభుత్వం చెయ్యాల్సిన పని. మన పని ఇంకోటుంది. పిల్లల్ని బజారుకి తీసుకెళ్లి, సంచీ వాళ్ల చేతికిచ్చి, ఆ పూట కూర వాళ్లనే ఏరమనండి. ముదురు బెండకాయ తెస్తే తెచ్చారు, కోసేటప్పుడు కత్తిపీటే చెబుతుంది. అమ్మే ఆవిణ్ణి అడగడం నేర్పండి, అడిగితే చెప్పని ఆవిణ్ణి నేనింతవరకూ చూడలేదు. మన పిల్లలు చేప మొప్ప ఎత్తి చూడగలిగినన్నాళ్లూ ఈ ఊరికి మంచి చేప వస్తూనే ఉంటుంది.